దొరగారికి ఊపిరాడాలి

శుక్రవారం పొద్దున్నే విశాఖపట్నంలో రైలెక్కే సరికి దేవీప్రసాద్ గారి పథకం సిద్ధంగా ఉంది. ఫ్రాన్సు నుంచి వచ్చిన బెర్నార్ గారిని వెంటబెట్టుకుని అరకులో దిగాలి. జీపులో ఇంటికి తీసుకెళ్ళి, వరండాలో కూర్చోబెట్టి, కొండలు చూపించి, బొంగులో చికెన్‌తో పాటు ఎర్ర వైను పద్ధతిగా వడ్డించాలి. వైను మర్యాద తెలిసిన ఇల్లేనని ఆయన తలూపితే, ఆయన టూరు కంపెనీ యాత్రికులు ఏడాదంతా దేవీప్రసాద్ గారు అద్దెకిచ్చే గదుల్లోనే దిగుతారు. ఊపకపోతే గదులకి తాళం వేసి విశాఖలో బావమరిది మేడమీదకి చేరాలి. ఈ గడువు పెట్టింది భార్య నూకరత్నం గారు. సీలేరు పవర్‌హౌస్‌లో ఉద్యోగమంతా టర్బైన్లు తిప్పిన ఆయనకు, బావమరిది కుక్కను వీధిలో తిప్పే ఉద్యోగం తలచుకుంటేనే గుండె జారిపోతోంది.

వైను సీసా రెండు వారాల ముందే వచ్చేసింది. పాత వైను ప్రయాణంలో కుదుపులకి చెదిరిపోతుందనీ, వచ్చాక కొన్నాళ్ళు విశ్రాంతి ఇవ్వాలనీ బెర్నార్ గారే ముందుగా పంపించారు. ఇరవై ఏళ్ళకు పైగా నేలమాళిగలో పడుకున్న సీసా అది. అడుగున మడ్డి పేరుకుని ఉంటుంది. తాగేముందు నిలబెట్టాలి, బిరడా తీసి ఊపిరాడనివ్వాలి, మెడ వెనక కొవ్వొత్తి పెట్టి, మడ్డి జారకుండా చూసుకుంటూ గాజు కూజాలోకి దించాలి. ఇదంతా దేవీప్రసాద్ గారు ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నారు. గ్లాసు తిప్పడం, వాసన చూడడం, గుక్క నోట్లో పోసుకుని బుగ్గల మధ్య ఆడించడం కాఫీ డికాక్షన్‌తో సాధన చేశారు. అది చూసి నూకరత్నం గారు పంటినొప్పి అనుకుని లవంగం ఇచ్చారు. ఆయన కిక్కురుమనకుండా నమిలారు.

నిజం చెప్పే ధైర్యం ఎక్కడిది? ఆ ఇంట్లో దగ్గుమందు సీసా కూడా దేవుడి గదికి ఆమడ దూరంలో ఉంటుంది. తీరా అతిథి ఎదుట పోస్తే ఆవిడ ఏమీ అనలేరని ఆయన ఆశ. అందుకని వైను సీసాను వంటగది అలమారలో నూకల డబ్బా వెనక దాచి, ఆ సంగతి వంటమనిషి సైలస్‌కి మాత్రం చెప్పారు. ఆవిడ చెవిన పడకుండా దానికో మారుపేరు కూడా పెట్టుకున్నారు.

"దొరగారెలా ఉన్నారు?"

"పడుకున్నారు బాబూ."

ఇలా రెండు వారాలు గుట్టుగా సాగింది. అసలు దొరగారొకరు నిజంగా రాబోతున్నారు కదా అన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. వస్తే ఈ కథ ఎందుకుంటుంది!

రైలు టైడా దాటాక దేవీప్రసాద్ గారికి గుర్తొచ్చింది, బిరడా తీయమని సైలస్‌కి చెప్పనేలేదని. బెర్నార్ గారు కిటికీ పక్కన కునికిపాట్లు పడుతున్నారు. టైడా దాటితే సొరంగాల వరసే. వెలుతుర్లో ఉన్నంతసేపూ ఫోను పలుకుతుంది, చీకట్లోకి దూరగానే నోరు మూసుకుంటుంది. అయినా ఆయన సైలస్‌కి ఫోను కలిపారు. ఆ సమయానికి సైలస్ ఫోను వంటగదిలో చార్జింగుకి పెట్టి సంతకి వెళ్ళాడు. ఎత్తింది నూకరత్నం గారు.

"సైలస్, కదిపావంటే దొరగారు పోయినట్టే!" అన్నారాయన. మొదటి రెండు మాటలనూ సొరంగం మింగేసింది.

"...దొరగారు పోయినట్టే!" అని వినబడింది ఆవిడకి.

"ఏటీ?" అన్నారావిడ. ఆ మాటను ఇంకో సొరంగం మింగింది.

"...ఊపిరాడాలి, నోరు తెరిచే ఉంచు..." మళ్ళీ చీకటి. "...మెడ దగ్గర కొవ్వొత్తి వెలిగించి..." చీకటి. "...మెల్లిగా గాజు దాంట్లోకి దించెయ్యి. చల్లగా ఉండాలి..." ఇంకో చీకటి. "...మా ఆవిడకి మాత్రం తెలియనివ్వకు. తట్టుకోలేదు."

ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా కలవలేదు. ఆవిడ పీట మీద కూలబడిపోయారు. వస్తున్న దొరగారు దారిలోనే పోయారు. రైల్లో శవం పక్కన తన మొగుడు ఒక్కడే కూర్చున్నాడు. బీపీ మనిషి. అంతటి కష్టంలోనూ పెళ్ళాం తట్టుకోలేదేమోనని బెంగపడుతున్నాడు. ఆవిడకి ఏడుపు ఆగలేదు. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, ఊళ్ళో చర్చి పాస్టరు స్తెఫను గారికి ఫోను చేశారు.

"అయ్యగారూ, ఫ్రాన్సు దొరగారు రైల్లోనే పోనారండీ! మీవోళ్ళే కదా, బేగి రండి!"

"అయ్యో తల్లీ! మావోళ్ళంటే ఏ మిషను? ఆర్సీఎమ్మా, బాప్టిస్టా?"

"పోయినోడికి మిషనేటండీ! రండి ముందు!"

ఆ మాటకి పాస్టరు గారు సిగ్గుపడ్డారు. ఆ సిగ్గుతోనే కావలసినదానికంటే ఎక్కువ ఏర్పాట్లు చేశారు. తెల్లబట్టల్లో పాటల బృందం వచ్చింది. పూల చక్రం వచ్చింది. గాజు దాంట్లోకి దించాలంటే ఆవిడకి తెలిసిన గాజుది ఒక్కటే కాబట్టి, ఆటో ట్రాలీ మీద శవాన్ని ఉంచే గాజుమూత ఫ్రీజరు పెట్టె కూడా వచ్చింది. సమాధుల దొడ్డిలో కుర్రాళ్ళు గొయ్యి మొదలెట్టేశారు. పరదేశి మన ఊళ్ళో పోయాడని తెలిసి సంతకి వెళ్తున్నవాళ్ళు దారి మళ్ళించుకుని వచ్చేశారు. ముంగిలి నిండిపోయింది. పాట అందుకున్నారు.

సరిగ్గా అప్పుడు సైలస్ కోళ్ళతో, వెదురు బొంగులతో దిగాడు.

"సైలసూ, దొరగారు పోనార్రా!" అన్నారు నూకరత్నం గారు.

చేతిలో బొంగులు కింద పడ్డాయి. "ఎలా పోనారమ్మా? పొద్దున్న బాగానే ఉన్నారే! నేనే మెడ పట్టుకుని నిలబెట్టీసి ఎల్లినాను!"

"పొద్దున్నా? నువ్వెప్పుడు సూసినావురా దొరగార్ని?"

"రోజూ సూత్తన్నాను కదమ్మా! రెండు వారాల్నుంచీ నూకల డబ్బా ఎనకాలే కదా పడుకున్నారు!"

పాట ఆగిపోయింది. పాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నూకరత్నం గారు లోపలికి వెళ్ళి అలమార తెరిచి, డబ్బా జరిపి, దొరగారిని చూశారు. అప్పటిదాకా ఉన్న దుఃఖమంతా క్షణంలో కోపమైపోయింది. సీసా మెడ పట్టుకుని, బండకేసి బద్దలు కొట్టడానికి తలకిందులుగా ఊపుకుంటూ ముంగిట్లోకి వచ్చారు. వెనకాల సైలస్, "కదపకండమ్మా! కదిపితే పోతారమ్మా!" అని గోలపెడుతూ పరుగెత్తుకొచ్చాడు.

గేటు ముందు జీపు ఆగింది.

ముందు దిగిన దేవీప్రసాద్ గారికి తెల్లబట్టలు, పూల చక్రం, ఫ్రీజరు పెట్టె, చేతిలో సీసాతో భార్య ఒక్కసారే కనబడ్డారు. వెనక బెర్నార్ గారు దిగారు. తెల్లజుట్టు, తెల్లచొక్కా. అసలు సంగతి ఇంకా చేరని వెనక వరసలో ఓ ముసలమ్మ కెవ్వుమంది. "లేచినాడు! దొరబాబు లేచొచ్చీసినాడు!" పాటల బృందం అలవాటు కొద్దీ, సమాధి గెలిచి లేచాడనే ఈస్టరు పాట అందుకుంది. ఎవరో కంగారులో పూల చక్రాన్ని బెర్నార్ గారి చేతుల్లో పెట్టేశారు. ఆయన స్వాగతం అనుకుని వంగి అందరికీ దణ్ణం పెట్టారు. తర్వాత ఆయన చూపు పెట్టె మీద పడింది.

"ఎవరు పోయారు?" అని ఇంగ్లీషులో అడిగారు.

జవాబు పాస్టరు గారి నుంచి వచ్చింది. స్తెఫను గారు ఒకప్పుడు బడిలో ఇంగ్లీషు చెప్పిన మనిషి, అబద్ధమాడని మనిషి.

"తమరే సార్," అన్నారు.

ఇంక దాచేదేముంది? దేవీప్రసాద్ గారు వరండా మెట్టు మీద కూర్చుని, అలమార దగ్గర్నుంచి సొరంగాల దాకా మొత్తం చెప్పేశారు. తెలుగులో భార్యకి, ఇంగ్లీషులో అతిథికి. చెబుతున్నంతసేపూ బావమరిది కుక్కే కళ్ళముందు కనబడింది.

"మందు తెచ్చినందుకు కాదండీ నా బాధ," అన్నారు నూకరత్నం గారు. "నాకు సెప్పలేదు సూడండి, అదీ! మీరొక్కరే శవం పక్కన ఉన్నారని, ఏటైపోతారోనని నా ప్రాణం ఎంత కొట్టుకుందో మీకేటి తెలుసు!"

ఆయన తలెత్తలేకపోయారు. "తప్పైపోయింది రత్నం," అన్నారు.

బెర్నార్ గారు సీసా కోసం చెయ్యి చాపారు. బిరడా తీసి గ్లాసులో పోస్తే మడ్డి కలిసి బురదనీళ్ళలా దిగింది. గ్లాసు తిప్పారు. వాసన చూశారు. నమ్మకం కుదరనట్టు మళ్ళీ చూశారు. ఒక గుక్క నోట్లో పోసుకుని, ముఖం చిట్లించి గులాబీ మొక్క మొదట్లో ఉమ్మేశారు. తర్వాత మెల్లిగా ఏదో అన్నారు.

"ఏటంటన్నారండీ?"

దేవీప్రసాద్ గారు తెల్లబోయి చూస్తున్నారు. "ఇది చచ్చిపోయిందట. కదిపినందుకు కాదట. బిరడాలోంచి గాలి దూరి ఏనాడో పులిసిపోయిందట. వైను పాడైతే వాళ్ళు చచ్చిపోయిందనే అంటారట."

సైలస్ తలగుడ్డ తీసేశాడు. "అయితే దొరగారు నిజంగానే పోనారన్నమాట!"

ముంగిలంతా గొల్లుమంది. నవ్వనివాడు ఒక్క బెర్నార్ గారే. ఇంకొకరి మర్యాదకి పరీక్ష పెట్టడానికి వచ్చి, తానే పాడైన సీసా పంపించినందుకు ఆయన మొహం కందిపోయింది. అది చూసి నూకరత్నం గారి కోపం నీరుకారిపోయింది.

"బాధపడొద్దని సెప్పండి. మా ఇంట్లో పప్పు పులవదేటి? కాళ్ళు కడుక్కోమనండి, అన్నం పెడతాను."

ఏడవడానికి వచ్చినవాళ్ళంతా పంక్తుల్లో కూర్చున్నారు. బెర్నార్ గారు వాళ్ళ మధ్యనే కూర్చుని, బొంగులో చికెన్ వేళ్ళు నాకుతూ తిన్నారు. మధ్యలో స్తెఫను గారిని అడిగారు, వీళ్ళలో నన్నెరిగినవాళ్ళు ఎవరున్నారని.

"ఎవరూ లేరు సార్."

"మరెందుకొచ్చారు?"

"పరాయి ఊళ్ళో పోయిన మనిషికి ఎవరో ఒకరు ఏడవాలి కదండీ."

బెర్నార్ గారి చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. కళ్ళు చెమర్చాయి. "నేను నిజంగా పోయిననాడు మా ఊళ్ళో ఇందులో సగం మంది కూడా రారు," అన్నారు. తర్వాత దేవీప్రసాద్ గారి వైపు తిరిగి, పండగ నెల నుంచే యాత్రికుల్ని పంపిస్తానని చెప్పారు. వైను సంగతేమిటని దేవీప్రసాద్ గారు భయంభయంగా భార్య వైపు చూశారు.

"తాగేవోళ్ళని వరండాలో, నా కళ్ళముందు తాగమనండి," అన్నారావిడ. "సీసాని సీసా అనే పిలవండి."

నెల తిరిగేసరికి ఆ కంపెనీ వాళ్ళు తమ ప్రకటనలో అరకు ఇంటిని కూడా చేర్చారు. దేవీప్రసాద్ గారు దాన్ని ఫోనులో చూసి భార్యకి తెలుగు చేసి వినిపించారు: "ఈ ఇంట్లో అతిథిని చచ్చి బతికొచ్చిన మనిషిని చూసుకున్నట్టు చూసుకుంటారు."

ప్రకటనలో అక్షరాలా నిజం రాయగా చూడడం ఆయనకి అదే మొదటిసారి.