గడప బయట జత బూట్లు

ఆదివారం పొద్దున ఏడు గంటలకు బయలుదేరి, సెంజి కోట దాకా బండి మీద పోయి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావాలని నిర్మల వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆమెకు నలభై ఆరేళ్ళు. తట్టాంచావడిలో పంపుసెట్లు చేసే చిన్న ఫ్యాక్టరీలో క్వాలిటీ సూపర్‌వైజరు. ఈ పంపు పనికిరాదని ఆమె అంటే యజమాని కూడా మారు మాట్లాడడు. సొంత జీతంతో కొనుక్కున్న మూడువందల యాభై సీసీ మోటారుసైకిలు మీద రోజూ గోరిమేడు నుంచి పనికి పోయి వస్తుంది. అలాంటి మనిషిని పోయిన ఆదివారం రైడర్ల క్లబ్బు కెప్టెన్ ఒకడు టీకొట్టు ముందు నిలబెట్టి, కాళ్ళు చూసి, ఇంటికి పంపేశాడు.

ఆ కెప్టెన్ పేరు కార్తికేయ. వయసు పాతిక దాటదు. "క్యాన్వాస్ షూస్‌తో కుదరదు ఆంటీ. చీలమండ మూసే రైడింగ్ బూట్స్ ఉండాల. రూల్ రూలే," అన్నాడు. రూలు మంచిదేనని నిర్మలకూ తెలుసు. ఆంటీ అన్నదే మింగుడు పడలేదు. పైగా మిగతా తొమ్మిది మంది మగవాళ్ళు హెల్మెట్లలోంచి జాలిగా చూశారు. ఆ జాలి తలచుకున్నప్పుడల్లా వారమంతా ఆమెకు ఒళ్ళు మండింది. ఈ ఆదివారం కూడా పోలేకపోతే ఇక ఆ క్లబ్బు ముఖం చూడకూడదని తీర్మానించుకుంది.

శనివారం సాయంత్రం భర్త అనంతరామన్‌ను వెంటబెట్టుకొని బూట్ల కొట్టుకు పోయింది. వెంటబెట్టుకోవడమే తప్పయింది. కొట్టు యజమాని శిలంబరసన్ నేరుగా అనంతరామన్‌ను కూర్చోబెట్టి, చెప్పులు విప్పించి, పాదం కొలవసాగాడు. అనంతరామన్ జన్మలో సైకిలు తప్ప ఏదీ నడపలేదు. అయినా ఎదుటి మనిషి అంత శ్రద్ధగా కొలుస్తుంటే కాదనడం మర్యాద కాదనుకొని రెండో పాదం కూడా ఇచ్చాడు.

"బూట్లు నాకు," అంది నిర్మల.

"మీకా అమ్మా? లేడీస్ ఐటమ్ పక్క కొట్టులో."

నిర్మల కదల్లేదు. ఆమె కదలదని తేలిన తర్వాత శిలంబరసన్ తన విద్యంతా బయటపెట్టాడు. మనిషికి మర్యాద తక్కువే గాని బూట్ల సంగతి బాగా తెలిసినవాడు.

"మొదట్లో బండోళ్ళకని బూట్లే లేవమ్మా. గుర్రమెక్కేవాళ్ళ మోకాటి బూట్లే వీళ్ళూ ఏసుకున్నారు. యుద్ధంలో బండి మీద జాబులు మోసిన సోల్జర్లు లేసు బూట్లు ఏసుకుంటే, ఆ లేసు పోయి గేరులో చిక్కుకునేది. అందుకని బకిల్ వచ్చె, జిప్ వచ్చె. రేసులోళ్ళు వచ్చినంక చీలమండకి గట్టి ప్లేటు పెట్టినారు. ఇప్పుడు చూసేదానికి మామూలు షూ మాదిరి ఉంటాది, ప్లేటు లోపల ఉంటాది. నొక్కి చూస్తేనే తెలుస్తాది."

నొక్కి చూడమని నిర్మలకు ఇంకొకరు చెప్పాలా? సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది గనుక ఆ వేళకే వచ్చింది, మందపు మేజోళ్ళు ఇంటి నుంచే తెచ్చుకుంది. మడమ దగ్గర రెండు వేళ్ళతో నొక్కి, లొంగిన జతలన్నీ పక్కకు నెట్టింది. అడుగు భాగాన్ని తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టి, తిరిగినవాటిని వద్దంది. ఎడమ బూటు మీద గేరు తగిలే చోట అదనపు తోలు ఉందా అని చూసింది. చివరకు బయట నిలిపిన తన బండి ఎక్కి, రెండు పాదాలూ నేలకు ఆనుతున్నాయా, బూటు ముందు భాగం గేరు కింద దూరుతుందా అని చూసుకొని ఆరో నంబరు నల్లజత తీసుకుంది. ఆడవాళ్ళకని చేసిన జత ఆ కొట్టులో ఒక్కటీ లేదు. బిల్లు రాస్తూ శిలంబరసన్ "సార్ పేరు?" అని అడిగాడు. పక్కనే ఉన్న అనంతరామన్ అలవాటుగా చెప్పేశాడు.

ఇంటికి వస్తే అత్తగారు కమలమ్మాళ్ గుమ్మంలోనే ఆపింది.

"తోలు సామాను లోపలికి రాకూడదు. వాసల్లో, గడప బయటే పెట్టు."

"కొత్తవి అత్తా. ఇంకా మట్టి కూడా అంటలా."

"కొత్తదైతే మాత్రం తోలు తోలు కాదా?"

డెబ్బై నాలుగేళ్ళ మనిషితో ఏం వాదిస్తామని నిర్మల బూట్లను గడప బయటే పెట్టి పడుకుంది.

ఆ వీధిలో గడప బయటి చెప్పులను చూసి లోపల ఎవరున్నారో చెప్పడం అందరికీ వచ్చు. తెల్లబూట్లు ఉంటే ఆసుపత్రి నర్సు ఇంజెక్షను వేయడానికి వచ్చిందన్నమాట. మెరుపుల చెప్పులు నాలుగైదు జతలుంటే పెళ్ళిచూపులు. తెల్లవారేసరికి నల్లబూట్లు కనిపిస్తే ఒకటే అర్థం, పోలీసు. పక్కింటి వీరాసామి అయిదున్నరకు పాలప్యాకెట్టు కోసం బయటికి వచ్చి ఆ అర్థమే తీసుకున్నాడు. ఆయన కోర్టు సమన్లు ఇంటింటికీ అందించే అమీనాగా ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైనవాడు. అనంతరామన్ లాంటి అమాయకుణ్ణి పట్టుకుపోవడానికి తెల్లవారకముందే వచ్చారంటే సంగతి పెద్దదేనని నిశ్చయించుకున్నాడు. కోర్టులో ఆయన నేర్చుకున్న విద్య ఒక్కటే, ఎంతటి గండాన్నయినా వాయిదా వేయించడం. బూట్లు లేకుండా ఏ పోలీసూ వీధిలోకి రాడు గనుక, వకీలు వచ్చేదాకా బూట్లు లేకుండా చేస్తే చాలని ఆయనకు తోచింది. ఈ సంగతులన్నీ నిర్మలకు తర్వాత తెలిశాయి. ఆరుంబావుకు బండి మీద వేసుకునే నల్లకోటు తొడుక్కొని, హెల్మెట్టు చేత పట్టుకొని తలుపు తీసినప్పుడు ఆమెకు తెలిసింది ఒక్కటే. బూట్లు లేవు.

"అత్తా, నా బూట్లు యాడ?"

"నన్నడిగితే? నేనేమన్నా ఏసుకోని వాకింగ్ పోతానా?"

"బయట పెట్టమనింది మీరే కదా."

"పెట్టమంటి. పారేస్తినంటావా? ఈ వయసులో నాకు తోలు దొంగతనం కూడానా?" కమలమ్మాళ్ గొంతు వణికింది. కోపంతోనే.

అనంతరామన్ మధ్యలోకి వచ్చి, "పోనీ, ఆ క్యాన్వాస్ షూసు..." అన్నాడు. నిర్మల చూసిన చూపుకు మిగతా మాట మింగేశాడు.

ఇంట్లో లేవు, మంచం కింద లేవు, మొక్కల వెనక లేవు. ఆరున్నరయింది. నిర్మల పోలీసు కంట్రోలు రూముకు ఫోన్ చేసింది. అవతలి గొంతు మూడుసార్లు అడిగింది, "బూట్లు ఎవరివి, మీ సార్‌వా?" అని. మూడుసార్లూ నావేనని చెప్పింది. మూడోసారి చెప్పినప్పుడు వీధి చివరి ఇంట్లో కిటికీ తెరుచుకుంది.

పది నిమిషాల్లో స్కూటరు మీద కానిస్టేబుల్ అమృతవల్లి వచ్చింది. మురుంగపాక్కంలోని తెలుగిళ్ళ ఆడపడుచు, రాత్రి డ్యూటీ ముగించుకొని ఇంటికి పోబోతున్న మనిషి. గడప దగ్గర కమలమ్మాళ్ ఆమెను కూడా ఆపింది.

"బూట్లు బయట విడువమ్మా."

"డ్యూటీలో ఉండా అవ్వా."

"డ్యూటీ నీకు. పూజగది మాకు."

అమృతవల్లి ఒక క్షణం ఆలోచించి, వంగి, లేసులు విప్పింది. లోపలికి వచ్చి కూర్చొని కాగితం తీసింది. రంగు రాసుకుంది, నంబరు రాసుకుంది. "మీ ఇంటాయనవేనా?" అని ఆమె కూడా అడిగింది. నావి, నావి, నావి అని నిర్మల చెబుతుంటే అనంతరామన్ పక్కన నిలబడి, అవునవును అన్నట్టు తల ఊపుతూ ఉన్నాడు. రాయడం అయింది. అమృతవల్లి బయటికి వచ్చింది. గడప బయట ఆమె బూట్లు కూడా లేవు.

సర్కారు బూట్లు, డ్యూటీలో ఉన్న పోలీసువి, దొంగతనం రాసుకోవడానికి వచ్చిన చోటే పోయాయి.

"నేను ఎస్సైకి ఏమని చెప్పేది?" అంది అమృతవల్లి, వట్టి కాళ్ళు చూసుకుంటూ. "రిపోర్టులో నా పేరు కూడా నేనే రాసుకోవాల్నా?"

"మా వాసల్లో ఇట్లా ఎప్పుడూ జరగలా," అంది కమలమ్మాళ్. ఆమె కూడా అవమానంతో ఎర్రబడింది.

అప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకొని, భుజాన కండువాతో వీరాసామి గేటు తీసుకొని వచ్చాడు. "ఎవరూ యాడికీ పోలేరు," అన్నాడు శాంతంగా. "వకీలు ఎనిమిదికి వస్తాడు. అంతదాకా మా అనంతూ మీద చెయ్యి పడకూడదు."

"మామా, బూట్లు మీరు తీసినారా?" అంది నిర్మల.

"తీయలా. భద్రపరచినా. మొదట ఇన్‌స్పెక్టరువి, తర్వాత ఈయమ్మవి. లోపలుండే ఇన్‌స్పెక్టరును రమ్మను, మాట్లాడదాం."

"ఇన్‌స్పెక్టరు ఎవరూ లేరు మామా."

"మరి మొదటి జత ఎవరిది?"

"నాది."

వీరాసామి ఎంతో దయగా నవ్వాడు. "మొగుణ్ణి కాపాడుకునేదానికి ఆడకూతురు ఏమన్నా చెప్తాదిలే. ముప్పై ఏండ్లు కోర్టులో చూసినా."

ఏ అరుపుకూ లొంగని వీరాసామి, సర్కారు సొత్తు దాచితే ఏం కేసు అవుతుందో అమృతవల్లి మెల్లగా చెప్పేసరికి కదిలాడు. తన మేడ మీద బోర్లించిన పెద్ద అండా కింది నుంచి రెండు జతలూ తెచ్చి గడప ముందు పెట్టాడు. కొత్తగా మెరుస్తున్న జతను అమృతవల్లి వైపు జరిపాడు. "అండా కింద ఏది ఏదో కలిసిపోయె. ఇది మీదై ఉంటాది. ఆ పాతది ఎవరిదో నాకు తెలీదు."

అమృతవల్లి కాదనబోయి ఆగింది. తన పాత జత ఎనిమిదో నంబరు, మగవాళ్ళ కొలత. వేళ్ళ దగ్గర నిన్నటి పేపరు కుక్కి ఉంది. కొత్త బూటులో ఒక కాలు పెట్టి చూసింది. రెండో కాలు కూడా పెట్టింది. రెండడుగులు నడిచి, ఇంకో నాలుగడుగులు నడిచింది. తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఆమె కాలికి సరిపోయిన బూటు అదే మొదటిది కావచ్చు.

"అక్కా, బిల్లుందా?" అంది, ఆశ చావక.

అనంతరామన్ పరుగెత్తి బిల్లు తెచ్చాడు. వీరాసామి అందుకొని కళ్ళజోడు సవరించుకున్నాడు. "అనంతరామన్ అని ఉండాది. కాగితం ప్రకారం సొత్తు మనవాడిది. నీ పేరు యాడుందమ్మా?"

"పేరు అడిగినాడు, చెప్పినా," అన్నాడు అనంతరామన్ గొణుగుతూ.

ఇక నిర్మలకు పట్టలేదు. "బండి నాది. జీతం నాది. కాళ్ళు నావి. నిన్నటి నుంచి మీ అందరికీ ఒకటే చెప్తాండా, ఎవరికీ చెవికెక్కలా. ఇట్రా మామా, ఈ మడమ నొక్కు. గట్టిగా నొక్కు. లొంగిందా? లోపల ప్లేటు ఉండాది, బండి మీద పడితే చీలమండ ఇరగకుండా. ఎడమ కాలికి ఈ తోలు ఎందుకో చెప్పు చూద్దాం. తెలీదు. గేరు మార్చి మార్చి అరగకుండా. ఈ లేసు చూడు, పట్టీ కింద అణిగి ఉండాది. ఎందుకు? పాతకాలంలో లేసు గేరులో పడి మనుషులు చచ్చినారు కాబట్టి. ఒక్కొక్కటీ ఎవరో పడి, దెబ్బ తగిలించుకోని కనిపెట్టింది. అన్నీ చూసి, నొక్కి, మెలిపెట్టి ఎంచింది నేను. మీ అనంతూకి ఇందులో ఏది ఎందుకో అడుగు."

వీరాసామి అడగలేదు. అడగనవసరం లేకుండా అనంతరామన్ తల దించుకున్నాడు. అందరికంటే శ్రద్ధగా విన్నది అమృతవల్లి. ఆమె అరుగు మీద కూర్చొని బూట్లు విప్పి, తన రుమాలుతో దుమ్ము తుడిచి, నిర్మల చేతికి ఇచ్చింది.

గోడ గడియారం ఏడుంబావు చూపిస్తోంది. నిర్మల బూట్లు ఒళ్ళో పెట్టుకొని గడప మీద కూలబడింది. ఇంతసేపు కోపంలో రాని కన్నీళ్ళు ఇప్పుడు వచ్చాయి. "పోయింటారు. పోయిన వారం బూట్లు లేవు, ఈ వారం బూట్లుండి పోలేదు. ఇంక ఏ మొహం పెట్టుకోని పోయేది?"

కమలమ్మాళ్ కోడలి తల మీద చెయ్యి వేసింది. "ఏసుకో. ఏడ్చేది బండి మీద ఏడు. కూర్చుంటే ఇంకా లేటవుతాది."

"ఏ రోడ్డు?" అంది అమృతవల్లి.

"తిండివనం రోడ్డు. పది బైకులు."

అమృతవల్లి ఫోన్ తీసి, రోడ్డు మీద డ్యూటీలో ఉన్న ఎవరితోనో మాట్లాడింది. "అన్నా, పది బైకులు వస్తాయి. పేపర్లు చూడండి. కొంజెం నిదానంగా, ఒక్కొక్కటీ చదివి చూడండి." ఫోన్ జేబులో పెట్టుకొని నిర్మల వైపు తిరిగింది. "ఆ కొట్టు యాడుందో చెప్పి పో అక్కా." వీరాసామి ఆమె వైపు మొదటిసారిగా గౌరవంతో చూశాడు.

నిర్మల బండి ఊరి పొలిమేర దాటేసరికి పది బైకులూ రోడ్డు పక్కన వరసగా నిలబడి ఉన్నాయి. పది మందీ ఎండలో కాగితాలు చేతబట్టుకొని ఉన్నారు. తనిఖీ చేసే మనిషి అప్పటికే జీపులోకి ఎక్కి పోయాడు, కాని పొమ్మనే మాట ఎవరూ చెప్పలేదు గనుక వాళ్ళు కదల్లేదు. నిర్మల బండి ఆపి, నల్లబూటు నేల మీద ఆనించింది. కార్తికేయ ముందు ఆ బూటు చూశాడు, తర్వాత నల్లకోటు చూశాడు. హెల్మెట్టు అద్దం దించి ఉన్నందున ముఖం కనబడలేదు. గబగబా వచ్చి నిటారుగా నిలబడ్డాడు.

"మేడం, ఆర్సీ, ఇన్సూరెన్స్, అన్నీ కరెక్టుగా ఉండాయి మేడం. సార్ రెండుసార్లు చూసినారు మేడం."

పొద్దున్నుంచి ఇవి తన బూట్లేనని, పోలీసువి కావని ఇంటిల్లిపాదికీ, వీధికీ, సర్కారుకూ చెప్పి చెప్పి నిర్మలకు గొంతు ఎండిపోయింది. మళ్ళీ చెప్పే ఓపిక లేదు. అద్దం పైకెత్తబోయి, చెయ్యి దించేసుకుంది.

"బయలుదేరండి," అంది.

పది బళ్ళూ ఒకేసారి స్టార్టయ్యాయి. సెంజి కోట దాకా ఒక్కడు కూడా ఆమెను దాటలేదు.