మోహన్‌కుమార్‌కు పని పోయిన నలభై రోజులు

మారికుప్పం నుంచి బెంగుళూరు పోయే పొద్దుటి రైల్లో, మూడో బోగీలో, ఎడమవైపు కిటికీ పక్క సీటు ఖాళీ అయింది. బంగారు గనులు మూతపడిన మా ఊళ్ళో ఇంతకంటే పెద్ద వార్త ఈ మధ్య పుట్టలేదు. పదకొండేళ్ళుగా ఆ సీటును ఏలిన మోహన్‌కుమార్ ఉద్యోగం వదిలేశాడు. కంపెనీ మూసెయ్యలేదు, మేనేజరు తిట్టలేదు, ఎవరూ పొమ్మనలేదు. ఒళ్ళు తెలిసి, మతి ఉండి, తన చేత్తో తానే రాజీనామా రాసిచ్చాడు.

వీడ్కోలు సభ రైల్లోనే జరిగింది. సీజన్ పాసుల సంఘానికి అధ్యక్షుడూ, బోగీలో అందరికంటే పాత ప్రయాణికుడూ అయిన నరసింహప్ప బంగారుపేట దాటాక లేచి నిలబడ్డాడు. లేస్తే సీటు పోతుంది గనుక ముందు టవలు పరిచి, ఆ తర్వాతే లేచాడు.

"మోహన్‌కుమార్ ఈ బోగీకి చేసిన సేవ అంతా ఇంతా కాదు. ముసలోళ్ళు వచ్చినా, చంటిబిడ్డల తల్లులు వచ్చినా, పదకొండేండ్లలో ఒక్క దినం సీటు వదిలి లేసినోడు కాదు. అట్లాంటి నిష్ఠ ఇంగ యాడ చూస్తాము? ఇప్పుడు సొంతంగా పని చేసుకుంటాడంట. అదీ ఇంట్లో కూర్చొని. దేవుడు ఆయప్పను చల్లగా చూడాల."

అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. తర్వాతి స్టేషను టేకల్ వచ్చేలోపే ఆ సీటు నాదంటే నాదని ఇద్దరు కాలర్లు పట్టుకున్నారు.

మోహన్‌కుమార్ చేసేది యంత్రాల భాగాలకు కంప్యూటర్లో డ్రాయింగులు గీసే పని. దానికి లాప్‌టాప్, కరెంటు, నెట్ ఉంటే చాలు, బెంగుళూరు అక్కర్లేదు. ఈ సంగతి తెలుసుకోవడానికి అతనికి పదకొండేళ్ళు పట్టింది. అదీ తనంతట తాను తెలుసుకోలేదు, కూతురు నయన తెలియజెప్పింది. ఒకటో తరగతి పిల్ల. బడిలో టీచరమ్మ మీ ఇంట్లోవాళ్ళ బొమ్మలు గీయండి అంటే అమ్మను గీసింది, తాతను గీసింది, నాన్న దగ్గరికి వచ్చేసరికి ఒక వీపూ దాని మీద ఒక బ్యాగూ గీసి ఊరుకుంది. ముఖం ఏదమ్మా అంటే, "ఆదివారం చూసి గీస్తాను" అంది. ఆ మాట మోహన్‌కుమార్ చెవిన పడింది. బిడ్డ లేవకముందే పోయి, బిడ్డ పడుకున్నాక వచ్చే ఉద్యోగం ఇక వద్దనుకున్నాడు. పొద్దున తన చేత్తో జడలు వేసి బడికి దించాలి, సాయంత్రం చెయ్యి పట్టుకొని తీసుకురావాలి. చూశారా, మనిషిని పేరాశ ఎంతవరకు తీసుకుపోతుందో!

ప్రభుత్వంవారు మాత్రం ఏ అడ్డూ పెట్టలేదు. పావుగంటలో ఆన్‌లైన్లో సర్టిఫికెట్ ఇచ్చేశారు. దాని ప్రకారం 'నయన డిజైన్స్' అనే సంస్థకు యజమాని, గుమాస్తా, కార్మికుడు, ఊడ్చేవాడు అందరూ మోహన్‌కుమారే. ఛాంపియన్ రీఫ్స్‌లో, గని కార్మికులకు వరుసగా కట్టిన పాత లైను ఇంట్లో, ముందుగదిలో టీవీ పక్కకు జరిపి బల్ల వేసి కార్యాలయం తెరిచాడు. భార్య మంజుశ్రీ టెంకాయ కొట్టింది. ఆమె ఎనిమిదేళ్ళుగా అదే గదిలో మూలన కూర్చొని ఊరి చీరలన్నిటికీ ఫాల్స్ కుడుతోంది. దానికి టెంకాయ కొట్టాలని ఎవరికీ తోచలేదు, మోహన్‌కుమార్‌కు కూడా.

మొదటి సోమవారం నయనను బడికి దించి తొమ్మిదింటికి తిరిగి వస్తుంటే ఎదురింటి కామాక్షమ్మ చూసింది. ముప్పై అయిదేళ్ళ మగమనిషి, ఆదివారం కాని రోజున, పట్టపగలు, వీధిలో! ఆవిడ చేతిలోని చీపురు చేతిలోనే ఆగిపోయింది.

"ఏమప్పా మోహనా, ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉండాను అత్తా. ఇంగ ఇంట్లోనే పని చేస్తాను."

"అయ్యో నా తండ్రీ," అందామె. "పోయి ఎన్ని దినాలైంది?"

మధ్యాహ్నానికి పరామర్శలు మొదలయ్యాయి. వచ్చినవాళ్ళు అరటిపళ్ళు బల్ల మీద, లాప్‌టాప్ పక్కన పెట్టి, గొంతు తగ్గించి మాట్లాడారు. ఉద్యోగం తానే వదిలానని మోహన్‌కుమార్ చెప్పిన కొద్దీ వాళ్ళకు జాలి ఎక్కువైంది. సాయంత్రానికి ఆఫీసులో ఏదో తప్పు చేసి దొరికిపోయాడని తేలింది. మరునాడు లైను చివర కుళాయి దగ్గర అది ఆడమనిషి వ్యవహారమని కూడా తేలింది.

తండ్రి మునిశామప్ప ముప్పై రెండేళ్ళు గనిలో దిగి ఎక్కినవాడు. ఆయనకు సొంతంగా పని చేసుకోవడం మీద ఏ కోపమూ లేదు. కాకపోతే పని అంటే ఆయనకు ఒక లెక్క ఉంది.

"పనికి పోవాలంటే ఇల్లు దాటాలరా. మేము పదివేల అడుగులు భూమిలోకి దిగినాము. నీకు వాకిలి దాటేదానికి ఏమి కష్టం?"

కొడుకు ఏం చేస్తున్నాడని తోటి ముసలివాళ్ళు అడుగుతారని ఆయన టీకొట్టుకు పోవడం మానేశాడు. మునిశామప్పకు టీ లేకపోతే తల పగిలిపోతుంది. అయినా పోలేదు. మోహన్‌కుమార్‌కు అది చూస్తే సిగ్గేసింది.

వీధికి మాత్రం జాలి ఉన్నంత గొప్ప మనసూ ఉంది. పాపం, ఊరికే కూర్చుంటే పిచ్చి పడుతుందని అతనికి బోలెడు గౌరవ పదవులు కట్టబెట్టింది. పద్నాలుగు ఇళ్ళ గ్యాస్ సిలిండర్లు దించుకునే బాధ్యత అతనిదే. పది రోజులకొకసారి వచ్చే నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెల వరుస చూసేదీ అతనే. లాప్‌టాప్ ఎలాగూ ఉంది కాబట్టి ఆధార్‌లో పేరు దిద్దడం, రేషను కార్డులో కోడలిని ఎక్కించడం, పదో తరగతి ఫలితాలు చూడటం, చూశాక ఆ తల్లిదండ్రులను ఓదార్చడం అన్నీ అతని శాఖలే. వినాయక చవితి కమిటీవాళ్ళు అతను లేకుండా సమావేశమై అతన్ని ఏకగ్రీవంగా కార్యదర్శిని చేశారు. ఇన్ని చేసినా సాయంత్రం అరుగుల మీద మాట ఒక్కటే, పాపం మోహనుకు ఏ పనీ లేదని.

అతను నయనకు వేసే జడలు ఒకటి చెవి పైకీ, ఒకటి చెవి కిందికీ ఉండేవి. ఆ పిల్ల వాటిని చూపించుకుంటూ గంతులేస్తూ బడికి పోయేది. దారి పొడవునా వాగేది. ఆ పావుగంట కోసం మోహన్‌కుమార్ మిగతా రోజంతా ఓర్చుకున్నాడు.

కొడుకు అవస్థ చూడలేక ఒకరోజు మునిశామప్ప పెట్టె తెరిచి, గనిలో దిగేవాళ్ళకు ఇచ్చే తన పాత ఇత్తడి టోకెను తెచ్చి వాకిలి మేకుకు తగిలించాడు. ఆయన కాలంలో టోకెను మేకుకు ఉంటే మనిషి భూమి లోపల ఉన్నట్టు లెక్క, ఇంద్రుడు చంద్రుడు వచ్చినా పిలిచేది లేదు. ఈ నియమం ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చాడు. మరుసటి గంటలోనే తలుపు చప్పుడైంది. కామాక్షమ్మ.

"టోకెను చూసినాను నాయనా. అందుకే మెల్లగా తట్టినాను."

ఇట్లా ముప్పై రోజులు గడిచాక దేవుడు కన్ను తెరిచాడు. కోయంబత్తూరులో ఒక పంపుల కంపెనీ నలభై డ్రాయింగులు ఇచ్చింది. పదో రోజు శుక్రవారం, మధ్యాహ్నంలోపు బాగా చేసి పంపితే ఏడాది పొడవునా పని. పంపలేకపోతే మళ్ళీ పాత ఉద్యోగం, పాత రైలు, నిద్రపోతున్న బిడ్డ. మోహన్‌కుమార్ తలుపు గడియ వేసుకొని కూర్చున్నాడు.

ఆ కంపెనీ పెద్దమనిషి వీడియోలో మాట్లాడుతున్న సమయానికే కామాక్షమ్మ పెరటి దారిన వచ్చింది. ఆమె భర్త ఆంజినప్ప పింఛనుకు, ఏటా బతికున్నట్టు ముఖం చూపించి సర్టిఫికెట్ తీసుకోవాలి. తెరమీద టై కట్టుకున్న మనిషి కనబడగానే ఆమె ఆలస్యం చెయ్యకుండా ముసలాయనను కెమెరా ముందుకు నెట్టింది.

"ఇదో సార్, బతికే ఉండాడు. బాగా చూసుకోండి. ఏమయ్యా, కన్ను కొట్టు!"

ఆంజినప్ప రెండుసార్లు కన్ను కొట్టాడు. పెద్దమనిషి ఆయన బతికున్నాడని మర్యాదగా ఒప్పుకొని, మోహన్‌కుమార్‌ను ఒక్కటే అడిగాడు, మీకు ఆఫీసు లేదా అని. లేదని తెలిశాక, ఇంట్లో కూర్చొని చేసే పనికి సగం రేటే ఇవ్వడం తమ సంస్థ ఆనవాయితీ అని సెలవిచ్చాడు. మా లైనుకూ కోయంబత్తూరుకూ మూడువందల కిలోమీటర్లు ఉంటే ఏం, పెద్దల ఆలోచన ఎక్కడైనా ఒకటే.

గురువారం సాయంత్రానికి ఇరవై ఎనిమిదే అయ్యాయి. పైగా శుక్రవారం పొద్దున్నే బెంగుళూరు వచ్చి మిగిలిన కాగితాల మీద సంతకాలు చేసి పొమ్మని పాత కంపెనీ నుంచి ఫోను. ఇక తన సొంత పనికి తద్దినమేనని మోహన్‌కుమార్ అనుకున్నాడు. మంజుశ్రీ కట్టిన టిఫిను డబ్బా, లాప్‌టాప్ బ్యాగులో వేసుకొని, నిద్రపోతున్న నయన తల నిమిరి, చీకటి ఉండగానే స్టేషనుకు పోయాడు.

రైల్లో కాళ్ళు పెట్టుకునే చోటు లేదు. మూలన ఇరుక్కొని, ఒళ్ళో లాప్‌టాప్ తెరిచాడు. ఒక్కరూ ఆధార్ అడగలేదు. ఒక్కరూ సిలిండరు మాట ఎత్తలేదు. బెంగుళూరు కంటోన్మెంటు చేరేసరికి అయిదు డ్రాయింగులు అయిపోయాయి. మిగతా ఏడూ ప్లాట్‌ఫారం బెంచీ మీద ముగించి, పన్నెండు కొట్టకముందే పంపించి, కోయంబత్తూరుకు ఫోను చేశాడు. వెనకాల రైళ్ళ కూతలు, మైకులో ప్రకటనలు, వందల మంది గోల. పెద్దమనిషి చాలా సంతోషించాడు. ఇప్పుడు మీ వెనక ఆఫీసు హడావుడి వినిపిస్తోంది, ఇలాంటి సంస్థకు పూర్తి రేటు ఇవ్వడంలో మాకు అభ్యంతరం లేదన్నాడు.

పాత కంపెనీలో సంతకాలు పెట్టి, సాయంత్రం బ్యాగుతో, ఖాళీ డబ్బాతో దిగి వస్తున్న మోహన్‌కుమార్‌ను చూసి వీధి వీధంతా పండగ చేసుకుంది. మునిశామప్ప నలభై రోజుల తర్వాత టీకొట్టుకు పోయి, అందరి టీ తన లెక్కలో రాయించాడు. మావాడికి మళ్ళా పని దొరికిందని చెబుతుంటే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ కళ్ళు చూశాక మోహన్‌కుమార్‌కు నిజం చెప్పడానికి నోరు రాలేదు.

సోమవారం నుంచి 'నయన డిజైన్స్' ప్రధాన కార్యాలయం మూడో బోగీకి మారింది. రెండు రోజులు ఓరకంట గమనించిన నరసింహప్ప మూడో రోజు చెవిలో అడిగాడు.

"ఏమప్పా, నీకూ ఉద్యోగం లేదు గదా?"

మోహన్‌కుమార్ గబుక్కున లాప్‌టాప్ మూసేశాడు.

"భయపడొద్దు. మా ఫ్యాక్టరీ మూసి రెండేండ్లాయె. నేను జనాలకు టాక్సు కాగితాలు రాసిస్తాండాను, ఈడే, ఈ సీట్లోనే. ఆ పక్క గంగమ్మను చూడు, జాకెట్లకు హుక్కులు కుడతాండాది. ఈ బోగీలో నిజంగా ఉద్యోగం ఉండేది ఇద్దరికే. పాపం, వాళ్ళు కూర్చునేదానికి చోటు లేక నిలబడి వస్తారు."

"ఇదంతా ఇంట్లో చేసుకోవచ్చు గదన్నా?"

"ఇంట్లో చేస్తే పనంటారేమప్పా ఎవరైనా?" అన్నాడు నరసింహప్ప. సంఘం ఆ పూటే తీర్మానం చేసి కిటికీ సీటు మోహన్‌కుమార్‌కు తిరిగి అప్పగించింది.

మంజుశ్రీకి మాత్రం అతను నిజం చెప్పాడు. ఆమె సూది ఆపకుండా వింది.

"ఏమండి, నాకూ ఒక పాసు చేయించండి. చీరల మూట ఎత్తుకొని రైలెక్కుతాను. ఎనిమిదేండ్లుగా నేనూ పని చేస్తాండానని అప్పుడన్నా తెలుస్తాది."

మోహన్‌కుమార్ నవ్వబోయి, ఆమె నవ్వడం లేదని చూసి మానుకున్నాడు.

ఆదివారం లైను లైనంతా మిఠాయి పొట్లాలతో అతని ముందుగదిలో చేరింది. బల్ల తీసేసి టీవీ మళ్ళీ పాత చోట పెట్టారు. ఇంటి మగవాడు గడప దాటితేనే ఇంటికి కళ అని తలా ఒక మాట అన్నారు. నయన అందరి కాళ్ళ మధ్య నుంచి దూరి వచ్చి నాన్న ఒళ్ళో కూర్చుంది. వారం రోజులుగా ఆమె జడలు రెండూ సమానంగా, చక్కగా ఉంటున్నాయి.

"నాన్నా, నీకు మళ్ళా పని ఎప్పుడు పోతాది?"

మోహన్‌కుమార్ బిడ్డ తలను గుండెకు అదుముకున్నాడు.

"తప్పు తప్పు! నోట్లో మంచిమాట రాదా నీకు?" అని కామాక్షమ్మ పిల్ల నెత్తిన మొట్టింది. ఇంత అశుభం విన్నాక ఊరుకోకూడదని, ఉప్పూ ఎండు మిరపకాయలూ గుప్పిట పట్టి, మోహన్‌కుమార్ చుట్టూ మూడుసార్లు తిప్పి, నీళ్ళు కాచే పొయ్యి నిప్పుల్లో వేసింది. ఎంతసేపు చూసినా ఘాటు రాలేదు. దిష్టి గట్టిగానే తగిలిందని వచ్చినవాళ్ళందరూ ఒప్పుకున్నారు. అది ఎవరి దిష్టో మాత్రం, ఒకరి ముఖాలు ఒకరు ఎంత చూసుకున్నా, ఎవరికీ అంతు చిక్కలేదు.