ఒక్క ఊ చాలన్నారు

గ్రహాంతరవాసులతో సంభాషించడానికి మన కేంద్రంలో నూట నలభై ముగ్గురు ఉద్యోగులున్నారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. వీరిలో నూట నలభై ఇద్దరిది మాట్లాడే విభాగం. వినే విభాగానికి ఉన్నది ఒక్కతే. పదకొండేళ్లుగా హెడ్‌ఫోన్లు తగిలించుకుని మెట్లకింది గదిలో కూర్చునే ఆవిణ్ణి అందరూ చెవులమ్మ అంటారు. చప్పుడు అడ్డొస్తుందని ఆమె గదిలో ఫ్యాను తీసేశారు. అది డైరెక్టరుగారి గదిలో క్షేమంగా తిరుగుతోంది.

ఒక మంగళవారం పొద్దున ఆమెకు ఆకాశంలోంచి మాట వినిపించింది. మాట చేరడానికి ఏడు నిమిషాలు పట్టే దూరంలో ఆగిన నౌక అది. లెక్కలతో మొదలుపెట్టి, బొమ్మలతో తమ భాష నేర్పి, వాళ్లు అసలు సంగతికొచ్చారు. "మా సూర్యుడు చల్లారిపోతుంటే మేమేం చేశామంటే..." అని ఆగారు. సరిగ్గా పద్నాలుగు నిమిషాలు. మళ్లీ అదే వాక్యం, మళ్లీ పద్నాలుగు నిమిషాలు.

మాట రావడానికి ఏడు, మన ఊ పోవడానికి ఏడు. చెవులమ్మకు చప్పున వెలిగింది. తన అమ్మమ్మా అంతే, పిల్లలు ఊ కొడితే గాని రాకుమారుణ్ణి గుర్రం ఎక్కించేది కాదు. తర్వాతేమైందో తెలిసేదాకా చెవులమ్మకు ముద్ద దిగేలా లేదు. తీరా చూస్తే బదులు పంపే మీట తాళంచెవి డైరెక్టరుగారి సొరుగులో ఉంది.

"మనం ఊ కొట్టాలంతే సార్. మిగతాది వాళ్లే చెబుతారు."

"చూడమ్మా, అంతదూరం నుంచి వచ్చినవాళ్లకి ఊ అని ఊరుకుంటే మన పరువేం కాను?" అన్నారాయన.

న్యాయ సలహాదారు మరో అడుగు ముందుకేశారు. ఊ కొడితే ఒప్పుకున్నట్టేననీ, ఏం ఒప్పుకున్నామో తెలియకుండా ఒప్పుకోవడం ప్రమాదమనీ ఆరు పేజీలు రాశారు. ఫైలు తొమ్మిది రోజులు తిరిగింది. ఈలోగా ఆ అమాయకులు అదే వాక్యాన్ని తొమ్మిది వందల సార్లు చెప్పారు.

పదో రోజున డైరెక్టరుగారు మైకు సవరించుకున్నారు. "సోదర జీవులారా, రెండే రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను." మొదటి ముక్కకు రెండున్నర గంటలు పట్టింది. అందులో ఆయన బాల్యం ముగియలేదు.

ఆయన మొదలుపెట్టి పద్నాలుగు నిమిషాలు గడిచాయో లేదో, చెవులమ్మ హెడ్‌ఫోన్లలో చిన్న శబ్దం. ఊ. ఆయన ఊపిరి తీసుకున్న ప్రతిచోటా వాళ్లు ఊ కొడుతున్నారు, పాపం, మర్యాదస్థులు. ఆమె మెట్లెక్కి పరుగున వెళ్లి చీటీ అందించింది: "సార్, వాళ్లు ఊ కొడుతున్నారు, ఆపండి." ఆయన మొదటి సగం చదివి, ఉత్సాహంగా మొదటి ముక్క పూర్తిచేసి రెండో ముక్క అందుకున్నారు.

నాలుగో గంటకి ఊలు నీరసంగా సాగాయి. ఐదో గంటకి ఆగిపోయాయి. నౌక కదిలిపోయింది. చెవులమ్మ బల్లమీద తల వాల్చి పసిపిల్లలా ఏడ్చింది.

అవతలి పక్షం నుంచి ఒక్క అభ్యంతరమైనా రానందున సంభాషణ ఘనవిజయం సాధించినట్టు ప్రకటన వెలువడింది. వినడానికి ఇక ఏమీ లేదు కనుక వినే విభాగాన్ని రద్దుచేసి, ఆమెను ఉపన్యాసాలు టైపు చేసే పనిలో వేశారు.

సాయంత్రం ఆమె ఈ గోడంతా భర్తకు చెప్పుకుంది. ఆయన వాక్యానికొక ఊ కొట్టాడు, ఫోను మీంచి తలెత్తకుండా. చివర్న "ఇంతకీ జబ్బు ఎవరికి?" అని అడిగాడు.

మీరు అలాంటివారు కారు, శ్రద్ధగా విన్నారు. ఏదీ, డైరెక్టరుగారి రెండో ముక్క ఏమిటో పైకి చూడకుండా చెప్పండి. నేనది చెప్పనేలేదంటారా? మరి ఇందాకట్నుంచి దేనికి ఊ కొడుతున్నట్టు?