వేగవృద్ధి నిమిత్తం ఒక డిస్కు

బళ్ళారిలోని శ్రీ భూవరాహ ఖనిజ రవాణా సంస్థవారి ప్రధాన కార్యాలయంలో, కొత్తగా కొన్న కంప్యూటర్ డిస్కులోంచి లక్ష్మీదేవి అదృశ్యమైన విషయమై విచారణ జరపడానికి ముగ్గురు సభ్యులతో ఒక సంఘాన్ని నియమించారు. ఒకరు లారీ టైర్ల స్టోరు ఇన్‌ఛార్జి, ఒకరు యజమానిగారి బావమరిది, మూడోవారు ఆఫీసు మేనేజరు గాదిలింగప్ప. ముగ్గురికీ కంప్యూటర్ల గురించి ఏమీ తెలియదు కాబట్టి విచారణ నిష్పక్షపాతంగా జరుగుతుందని సిబ్బంది అంతా సంతోషించారు.

నిందితుడి పేరు జాబెజ్. సంస్థలో ఉన్న కంప్యూటర్లన్నీ చూసుకునేవాడు. పాత మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగినవాడు, నెమ్మదస్తుడు, గట్టిగా ఒక మాట అనలేనివాడు. రెండేళ్ళుగా టెంపరరీగానే ఉన్నాడు. కొడుకు ఉద్యోగం పర్మనెంటయితే చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పిస్తానని తల్లి రూతమ్మ పాస్టరుగారికి మాటిచ్చి ఉంది.

అవి గనులు మంచి ఊపు మీదున్న రోజులు. ఊళ్ళో ఎర్రదుమ్ముకు కొరత లేదు, హెలికాప్టర్లకు కొరత లేదు, ఇంటర్నెట్‌కు మాత్రం కొరత ఉండేది. ఆఫీసులో నలభై మంది ఒకే సన్నటి లైను మీద ఆధారపడి దేశసేవ చేస్తున్నారు. పెళ్ళిసంబంధాలు, క్రికెట్ స్కోర్లు, బెంగళూరులో ఇళ్ళస్థలాలు, ఇవన్నీ చూడాలంటే ఒక్కో పేజీకి ఒక్కో టీ తాగాల్సి వచ్చేది. యజమాని శివరామకృష్ణయ్యగారు ఇది సహించలేకపోయారు. వారి తండ్రిగారు కోస్తా నుంచి వచ్చి సిరుగుప్ప కాలువ కింద మట్టిలో వరి పండించారు. వీరు మధ్యలో వరి ఎందుకని మట్టినే అమ్ముకున్న దార్శనికులు. ఆలస్యమంటే వారికి గిట్టదు.

జాబెజ్ ఒక ఉపాయం చెప్పాడు. ప్రాక్సీ సర్వర్ అని ఒకటి పెడితే, ఒకరు తెరిచిన పేజీని అది తన డిస్కులో దాచుకుంటుంది. రెండోవాడు అదే పేజీ అడిగితే మళ్ళీ లైను మీద పోకుండా దాచుకున్నదే తీసి ఇస్తుంది. ఇంకా వేగం కావాలంటే డిస్కును ఫార్మాట్ చేయకూడదు. అందులో ఫోల్డర్లూ ఫైళ్ళూ ఉండకూడదు. ఉన్న డిస్కు ఉన్నట్టుగా ప్రాక్సీకి అప్పగిస్తే, దానికి తోచిన పద్ధతిలో అదే రాసుకుంటుంది. ఇతరులు చూస్తే మాత్రం ఖాళీగా కనిపిస్తుంది. ఈ చివరి మాట జాబెజ్ చెప్పకుండా ఉండాల్సింది.

కొత్త డిస్కు ప్రారంభోత్సవానికి వచ్చిన యజమానిగారి సతీమణి హనుమాయమ్మగారు ఆ మాట విని నిర్ఘాంతపోయారు. "ఖాళీదానికి పూజ చేస్తారటయ్యా? కొత్త బిందె ఇవ్వాలన్నా గుప్పెడు బియ్యం పోసి ఇస్తామే! అందులో ముందు అమ్మవారిని పెట్టండి," అన్నారు. జాబెజ్ వద్దని చెప్పబోయాడు. గాదిలింగప్ప అతన్ని పక్కకు లాగి, "సుమ్నే ఉండప్పా, మాట్లాడొద్దు, నీకేం తెలుస్తాదీ పద్ధతులు," అన్నాడు. ఒక గుమాస్తా డిస్కును ఫార్మాట్ చేసి, ఫోల్డరు తెరిచి, అందులో నూట ఎనిమిది లక్ష్మీదేవి బొమ్మలు పెట్టాడు. డిస్కుకు కుంకుమ పెట్టి, నిమ్మకాయ తొక్కించి, అందరూ లడ్లు తిన్నారు. లడ్లు తిన్న తర్వాత ఇంటర్నెట్ వేగం పెంచమని జాబెజ్‌కు ఆజ్ఞ అయింది. అతను డిస్కును ప్రాక్సీకి అప్పగించాడు. ప్రాక్సీకి భక్తి లేదు. మరునాడు హనుమాయమ్మగారు దర్శనానికి వచ్చేసరికి అమ్మవారు లేరు, ఫోల్డరూ లేదు.

విచారణ మూడు రోజులు సాగింది. "నీవు క్రైస్తవుడివి కదప్పా?" అన్నది మొదటి ప్రశ్న. అవునన్నాడు జాబెజ్. దాన్ని మొదటి సాక్ష్యంగా రాసుకున్నారు. డిస్కు చూపించమన్నారు. చూపించాడు. ఖాళీగా ఉంది. "ఖాళీగా లేదు సార్, నిండుతా ఉండాది. మనకు కనపడదు అంతే," అన్నాడు. టైర్ల ఇన్‌ఛార్జి దీర్ఘంగా ఆలోచించి, "కనపడనిది ఉండాదని నమ్మేది మీ మతంలోనా?" అని అడిగాడు. అన్ని మతాలవాళ్ళూ అంతేనని జాబెజ్‌కు తోచింది కాని, టెంపరరీ ఉద్యోగి కాబట్టి నోరు మెదపలేదు.

ఆ మూడో రోజునే దొడ్డమ్మ వచ్చింది. ఈమె సంస్థ లారీ డ్రైవరు హులిగప్ప భార్య. హులిగప్ప నెల కిందట కంప్లి రోడ్డులో కాలువ వంతెన మీద ఖనిజం లారీ బోల్తా కొట్టించి, ఇద్దరు వరినాట్ల కూలీల ప్రాణం తీశాడు. తాగి నడిపాడని కేసు. ప్రస్తుతం జైల్లో ఉన్నాడు. అతను తాగే అలవాటు లేనివాడని లారీల వాళ్ళందరికీ తెలుసు. ఇంతమంది తెలిసి చెప్పకపోవడం వల్ల ఆ సంగతికి ఎంతో గోప్యత ఏర్పడింది.

"పదిటన్నుల పర్మిట్టుకు ఇరవై రెండు టన్నులు పోసినారంట సారూ," అంది దొడ్డమ్మ గేటు దగ్గర నిలబడి. "బ్రేకు నిలవదు, నేను పోనని మా ఆయప్ప అంటే, పోకుంటే బండి దిగమన్నారంట. ఆ పొద్దు మీ కాటా మీద తూచినారు. ఆ లెక్క మీ కంప్యూటర్ల ఉండాదని ఆయప్పే చెప్పినాడు. లాయరప్ప ఆ కాగితం తెమ్మంటాండాడు. అదొక్కటుంటే చాలంట."

జాబెజ్‌కు గుర్తుంది. లారీలు తూచే కాటా దగ్గరి కంప్యూటరు కూడా అతనే చూసుకునేవాడు. ఇరవై రెండు టన్నుల నాలుగు వందల కిలోలు. తన కళ్ళతో చూశాడు. "సోమవారం రామ్మా, ప్రింటు తీసిస్తా," అన్నాడు. ఆ మాట అన్నందుకు అతనికి రోజంతా తన మీద తనకు గౌరవంగా ఉంది.

సాయంత్రం శివరామకృష్ణయ్యగారు అతన్ని గదిలోకి పిలిపించుకున్నారు. ఉద్యోగం పోయిందనుకుని వెళ్ళాడు. అయ్యగారు తలుపు వేయించి, ఎంతో శాస్త్రజిజ్ఞాసతో ప్రశ్నలడిగారు.

"ఏవయ్యా, ఆ ప్రాక్సీకి ఇచ్చిన డిస్కులో అంతకుముందు ఏదున్నా పోతుందా?"

"పోతుంది సార్."

"ఎవరు తీసినట్టు?"

"ఎవరూ తీయరు సార్. దాని పని అది చేసుకుంటాది."

"పైనుంచి ఎవరైనా వచ్చి తెరిచి చూస్తే?"

"ఖాళీగా కనపడుతాది సార్."

శివరామకృష్ణయ్యగారి ముఖం వికసించింది. లారీల్లో అధిక బరువులు వేస్తున్నారనే నిరాధారమైన ఆరోపణ మీద బుధవారం బెంగళూరు నుంచి తనిఖీ బృందం వస్తోందని వారికి ఆ మధ్యాహ్నమే ఫోను వచ్చింది. వెంటనే లేచి నిలబడి, వింటున్నది ఒక్కడే అయినా, సభలో మాట్లాడినట్టు మాట్లాడారు. "ప్రపంచం ఎంత వేగంగా పోతోందయ్యా! మనం ఒక్క డిస్కుతో సరిపెట్టుకుంటే ఎట్లా? కాటా దగ్గర ఎనిమిది గిగాబైట్ల డిస్కు ఊరికే పాత లెక్కలు మోస్తా పడుంది. పాతదాన్ని పట్టుకుని వేలాడే సంస్థ బాగుపడదు. దాన్ని కూడా సిబ్బంది సంక్షేమానికి ఇచ్చేద్దాం. రేపే చేసెయ్. నీ పర్మనెంటు ఆర్డరు కూడా టైపవుతోంది."

"సార్, హులిగప్ప కేసుకు ఆ కాటా లెక్క..." అని మొదలుపెట్టాడు జాబెజ్.

"ఆర్డరులో నీ పేరు ఇంగ్లీషులో ఎట్లా రాయాలో గాదిలింగప్పకు చెప్పి వెళ్ళు," అన్నారు అయ్యగారు ఆప్యాయంగా. జాబెజ్ వెళ్ళి అక్షరాలు ఒక్కొక్కటిగా చెప్పాడు.

మరునాడు నోటీసు బోర్డు మీద రెండు కాగితాలు అంటించారు. మొదటిది విచారణ సంఘం నివేదిక. లక్ష్మీదేవి ఎక్కడికీ పోలేదనీ, సంస్థ అభివృద్ధిలో లీనమైందనీ సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. రెండోది యజమానిగారి ఉత్తర్వు. "కాటా విభాగమందలి డిస్కును ఇంటర్నెట్ వేగవృద్ధి నిమిత్తం కేటాయించడమైనది." హనుమాయమ్మగారు ఈసారి ఖాళీ డిస్కు కాదని తెలిసి, పూజకు అభ్యంతరం చెప్పలేదు.

పని పావుగంటలో అయిపోయింది. జాబెజ్ కాటా కంప్యూటరులోంచి డిస్కు ఊడదీసి, సర్వర్‌లో రెండో అరలో బిగించాడు. ప్రాక్సీ వాడుకోవలసిన డిస్కుల పట్టీలో దాని పేరు ఒక్క వరుసలో రాశాడు. దాని మీద రాసే హక్కు ప్రాక్సీకి ఇచ్చాడు. సర్వర్‌ను ఆపి మళ్ళీ నడిపించాడు. అది ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ప్రశ్నలు అడగకపోవడంలో అది కూడా ఆ సంస్థ ఉద్యోగేనని ఒప్పుకోవాలి.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి విన్నవించాలి. డిస్కు అప్పగించగానే పాత లెక్కలు పూర్తిగా చెరిగిపోవు. ప్రాక్సీ మొదట్లో తన గుర్తు రాసుకుని, అక్కడినుంచి జనం తెరిచే పేజీలను ఒకదాని తర్వాత ఒకటి రాసుకుంటూ పోతుంది. అది ఇంకా చేరని చోట పాత లెక్క అలాగే ఉంటుంది. ఏ రోజైనా డిస్కు బయటికి లాగి ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. హులిగప్ప లారీ లెక్క చివరి నెలది కాబట్టి బహుశా డిస్కు చివరి భాగంలో ఉండవచ్చు. ఈ సంగతి ఆ ఊళ్ళో ఒక్క జాబెజ్‌కే తెలుసు. తెలుసు కాబట్టి తను తప్పేమీ చేయలేదని ధైర్యంగా ఉన్నాడు. ఇంకా టైముంది అనుకున్నాడు. డిస్కు ఎంత నిండిందో తెర మీద ఒక మూల అంకె కనిపిస్తుంది. శనివారానికి పద్నాలుగు శాతం.

ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పాడు. "నా మీద వచ్చిన నిందను దేవుడు తుడిచేసినాడు," అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. రూతమ్మ కళ్ళు తుడుచుకుంది.

సోమవారం దొడ్డమ్మ వచ్చింది. ముప్పై ఒక శాతం. "సిస్టమ్ రిపేరీలో ఉండాదమ్మా, వచ్చే సోమవారం రా," అన్నాడు. ఆమె అరటిపండ్లు తెచ్చింది, పిల్లలకిమ్మని. అతనికి పెళ్ళే కాలేదు. అయినా తీసుకున్నాడు.

బుధవారం తనిఖీ బృందం వచ్చింది. ఆరుగురు అధికారులు కాటా డిస్కు చూపించమన్నారు. సంస్థవారు ఉత్తర్వు చూపించారు, డిస్కు తెరిచి చూపించారు. ఖాళీగా ఉంది. "సంస్థ రికార్డులలో అధిక బరువు ఎక్కడా కనిపించలేదు" అని అధికారులు రాసుకున్నారు. అందులో ఒక్క అబద్ధపు మాట లేదు. భోజనం వచ్చేలోపు తలా ఒక కంప్యూటరు ముందు కూర్చుని స్కోర్లూ, చీరలూ, స్థలాలూ చూశారు. జిల్లా మొత్తంలో ఇంత వేగం ఎక్కడా చూడలేదని మెచ్చుకుని, సందర్శకుల పుస్తకంలో రాసి పోయారు. అయ్యగారి అబ్బాయి గోపీకృష్ణ కొనదలచిన హెలికాప్టరు బొమ్మలు, అన్నివైపుల నుంచి తీసినవి, రెండు రోజులు చూశాడు. వారాంతంలో మ్యాచ్ జరిగింది. ఎనభై ఎనిమిది.

దొడ్డమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి జాబెజ్ గేటు దాకా వెళ్ళి, లెక్కలు పోయినాయని చెప్పాడు. ఆ పూట తొంభై మూడు.

"పోతే పోయిందిలేప్పా. నీవు చూసినావు గదా?"

"చూసినా."

"ఎంత ఉన్నింది?"

"ఇరవై రెండు పైన."

"అది నీ నోటితోనే చెప్పప్పా జడ్జీ ముందర. నీకు పుణ్యముంటాది."

"కాగితం లేకుండా నా మాట యాడ నమ్ముతారమ్మా?"

"నమ్మకపోతే పోనీ. చెప్పినావని ఆయప్పకైనా తెలుస్తాది గదా, లోపల కూచున్నోడికి. ఒక్కరన్నా చెప్పినారని."

జాబెజ్ సిగ్గుతో తల వంచుకున్నాడు. నిజమైన సిగ్గే, అందులో సందేహం లేదు. అయితే సిగ్గుపడటానికి పర్మనెంటు ఉద్యోగులకు ప్రత్యేకంగా సెలవు ఇవ్వరు. లోపలికి వెళ్ళి తెర ముందు కూర్చున్నాడు. డిస్కు లాగడానికి ఒక స్క్రూడ్రైవరు చాలు. అది సొరుగులోనే ఉంది. సొరుగు తెరిచాడు. అందులో ఆర్డరు కాగితం కూడా ఉంది. సొరుగు మూశాడు. గురువారం మధ్యాహ్నం అంకె నూటికి చేరినప్పుడు అతనికి ప్రాణం తెరిపిన పడింది. ఇక చేయగలిగింది ఏమీ లేదని తేలిపోతే మంచివాళ్ళకు ఎంతో హాయిగా ఉంటుంది.

కొన్ని నెలలకు హులిగప్పకు రెండేళ్ళు పడింది.

ఆ వార్త మరునాడు పొద్దున జిల్లా వార్తల సైటులో వచ్చింది. మొదట తెరిచింది గాదిలింగప్ప. ఆయనకు పదకొండు సెకన్లు పట్టింది. ప్రాక్సీ ఆ పేజీని పద్ధతి ప్రకారం కాటా డిస్కు మీద రాసుకుంది. తర్వాత చదివిన ముప్పై తొమ్మిది మందికీ రెప్పపాటులో తెరుచుకుంది. జాబెజ్‌కు కూడా అంతే. ఒకరు "తాగి నడిపితే ఇంతేనప్పా" అన్నారు. ఇంకొకరు "ఎంత ఫాస్టుగా వచ్చిందో చూడు" అని మురిసిపోయారు. దాంతో అందరూ క్రికెట్ పేజీకి వెళ్ళిపోయారు.

ఆ రోజుల్లో మీరూ ఎక్కడో ఒక ఆఫీసులో కూర్చుని ఇలాంటి వార్త ఒకటి తెరిచే ఉంటారు. అది ఆలస్యంగా తెరుచుకుని ఉంటే ఫిర్యాదు చేసి ఉండేవారు. వెంటనే తెరుచుకుంది కాబట్టి, అది ఎవరి లెక్క మీద రాసి ఉందో మీరూ అడగలేదు.