కిటికీ పక్కన పుట్టిన ఐడియా

సోమవారం ఆఫీసు తెరవగానే ఈశ్వరప్ప తన ఇద్దరు ఉద్యోగులనూ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లకు జీఎస్టీ లెక్కలు చూసిపెట్టే ఆఫీసు అది. రోడ్డుకు అవతల ఈమధ్యే ఇంకో ఆఫీసు వెలిసింది, అద్దాల తలుపుతో, ఏసీతో.

"మనం గూడా ఏదన్నా కొత్తగా చేయల్ల. ఐడియాలు చెప్పండి."

చెన్నప్ప ఫ్యాను వైపు చూశాడు. "నాకేం తోచలేదన్నా" అంది జయంతి. మరీ త్వరగా అంది.

ఈశ్వరప్పకు అనుమానం పుట్టింది. యూనిట్లవాళ్లు ఫోన్ చేస్తే ఆమెనే అడుగుతారు. ఆమె సొంత ఆఫీసు పెట్టుకుంటే అందరూ ఆమె వెంటే పోతారు. టీ వేళకు ఆమె స్కూటీ తీసింది. యాడికి పోయిందని అడగకముందే "నాకు తెల్దన్నా" అన్నాడు చెన్నప్ప. దాంతో అనుమానం కాస్తా రూఢి అయింది.

స్కూటీ తిమ్మమ్మ యూనిట్ ముందు ఆగింది. వెనకాలే వచ్చిన ఈశ్వరప్ప సందులో దూరి, ప్యాంట్ల మూటల వెనక నక్కి, కిటికీకి చెవి పెట్టాడు. మిషన్ల మోతలో ఒక్క ముక్కా వినబడలేదు. ఇంకొంచెం వంగేసరికి మూటలు జారి, వాటితోపాటే వచ్చి గుమ్మంలో పడ్డాడు.

"ఏమప్పా ఈశ్వరప్పా, ఈడేం చేస్తాండావు?" అంది తిమ్మమ్మ.

నోటికి ఏదొస్తే అది చెప్పాడు. "బిల్లులు తీసుకపోదామని వచ్చినాక్కా. ఇంగ మీరు ఆఫీసు దాకా రావాల్సిన పన్లేదు. మేమే వస్తాం."

తిమ్మమ్మ వెనక నిలబడ్డ జయంతి మొహం పాలిపోయింది.

"ఆ మాటే ఇప్పుడు జయంతి చెప్తాండె! ఇంత బిరీన వస్తావనుకోలే." తిమ్మమ్మ బిల్లులన్నీ సంచిలో కుక్కి ఆయన చేతికిచ్చి, పక్క యూనిట్ వైపు కేకేసింది. "ఓ నాగేశ్వరా! బిల్లులకు ఇంటికాడికే వచ్చినారు!"

నాగేశ్వర మిగతావాళ్లకు ఫోన్లు చేశాడు. ఈశ్వరప్ప కాదందామంటే, మూటల వెనక ఎందుకు నక్కాడో చెప్పాల్సి వస్తుంది. వీధి చివరికొచ్చేసరికి ఈశ్వరప్ప బండి నిండా సంచులే. "మా వీధికి ఎప్పుడొస్తారు?" అని ఒకటే ఫోన్లు. అడిగినవాళ్లందరికీ రేపే అని మాటిచ్చాడు.

ఆఫీసుకు వచ్చేసరికి జయంతి కాచుకుని ఉంది.

"అవునన్నా, సొంతంగా ఆఫీసు పెడదామనుకుంటి. ఇంటికాడికే పోయి బిల్లులు తెచ్చేది నా ఐడియా. నువ్వు కిటికీకాడ విని కొట్టేస్తివి."

"నాకేం వినపళ్లేదమ్మా, దేవుని తోడు!"

"నమ్మమంటావా?"

ఆమె స్థానంలో తానున్నా నమ్మేవాడు కాదు. మళ్లీ ఫోన్ మోగింది.

"ఊరందరికీ మాటిచ్చినావు. తిరిగేదెవురు?" అంది జయంతి.

"నువ్వే తిరుగు తల్లీ. ఆఫీసులో సగం భాగం నీదే."

"నోటిమాట కాదు, రాసియ్యి."

మరుసటి వారం కొత్త బోర్డు రాయించారు. తన పేరు చిన్నగా రాయిస్తాడేమోనని జయంతి పెయింటర్‌కు కుడిపక్కన నిలబడింది. ఆమె తన పేరు ముందు పెట్టించుకుంటుందేమోనని ఈశ్వరప్ప ఎడమపక్కన నిలబడ్డాడు. పేర్ల కింద ‘నమ్మకమే మా పెట్టుబడి’ అని రాయించడంలో మాత్రం ఇద్దరికీ ఏ పేచీ రాలేదు.