గోదావరి నడుమ ఆగిన ఏసీకి జై

పడవలో ఏసీ చెడిపోవడం ఒక వరం!

ఈ మాట నేను ముప్పై తొమ్మిది మంది తోటి ప్రయాణికుల సాక్షిగా చెబుతున్నాను. మే నెల, మిట్టమధ్యాహ్నం, అందరి చొక్కాలూ పిండితే బకెట్ నిండేది. అయినా చెబుతున్నాను. కోపం తెచ్చుకోకండి. ముందు కేసు వినండి.

మా నాందేడ్‌లో బట్టల దుకాణం నడిపే బాబురావు సేటు గోదావరిలోకి ఏసీ పడవ దించాడు. నల్లటి అద్దాలు, నీలం లైట్లు, మెత్తటి సోఫాలు. లోపల కూర్చుంటే నది కనబడదు. నది చూడటానికి వచ్చిన జనం గోడకున్న టీవీలో ఏవో జలపాతాలు చూస్తూ కూర్చున్నారు. సరిగ్గా పదిహేనో నిమిషానికి ఏసీ ఆగింది. అద్దాలు తెరిచారు. "అరె, గోదావరి!" అన్నారు. ఈ ఒక్క లాభం చాలదా?

ఇంకా ఉంది. ఏసీ నడిచినంతసేపు ఎవరి ఫోను వాళ్ళది. ఆగగానే పడవంతా ఒకే కుటుంబం. ఎలా తెలిసిందంటారా? వెంటనే పోట్లాడుకోవడం మొదలుపెట్టారు!

పైగా ప్రతి మనిషిలో ఒక మెకానిక్ నిద్ర లేచాడు. మర్ఖేల్ నుంచి వచ్చిన బడిపంతులు రిమోట్‌లో సెల్లులు మార్చాడు. ఒకావిడ గ్యాస్ అయిపోయిందని తేల్చేసింది. మంగేశ్ అనే బ్యాంకు ఉద్యోగి ఏసీని నాలుగుసార్లు ఆపి, నాలుగుసార్లు పెట్టాడు. అయిదోసారి అరచేత్తో ఒకటిచ్చాడు. ఇంత విజ్ఞానం ఏ కాలేజీలో దొరుకుతుంది చెప్పండి!

ఈ విజ్ఞానం ఒక్క మనిషికి మాత్రం పనికి రాలేదు. పడవ మెకానిక్ పోశన్నకు. కుండల్‌వాడి మనిషి. ఆ పొద్దున పడవ ఎక్కేటప్పుడే సేటు అందరి ముందూ చెప్పేశాడు: "పోశన్నా, ఇయ్యాల ఏసీ ఆగిందంటే ఒడ్డుకు రాంగనే కుండల్‌వాడి బస్సెక్కు. మళ్ల నాకు మొఖం చూపియ్యకు."

ఇప్పుడది ఆగింది. ఒడ్డు ఇరవై నిమిషాల దూరం.

పోశన్న ఏసీ వైపు చూడనే లేదు. పడవ అంచు మీద వంగి, నీళ్ళవైపు చూశాడు.

"ధార పడ్తలేదు."

"ఏంది పోశన్నా! ఏసీ లోపలున్నది, నువ్వు బయట జూస్తున్నవ్?"

"ఇంట్ల ఏసీకి బయటి గాలి చాలు సేటు. ఈ పడవ ఏసీ నదినీళ్లు గుంజుకొని సల్లవడ్తది. తాగిన నీళ్లు గీ పక్కకెళ్లి బయట వడాలె. పడ్తలేవు. ఎక్కడనో గొంతు పట్కున్నది."

ఇంతలో సేటు భార్య వనమాల తన వైద్యం మొదలుపెట్టింది. ఏసీ ఆగిన ప్రతిసారీ ఆమె చేసేది ఒకటే. పడవ ముందు కొసకు వెళ్ళి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, బంతిపూల దండ నీళ్ళలో వేయడం. పోయిన వారం రెండు దండలు. ఈ వారం అయిదు. జబ్బు ముదిరేకొద్దీ మోతాదు పెరగాలి కదా!

ప్రయాణికులూ ఏమీ తక్కువ తినలేదు. ఇంట్లో వారం రోజుల పూజపూలు చెత్తబుట్టలో వేయకూడదు. ఒడ్డున వేస్తే కాళ్ళకింద పడతాయి. అందుకే కవర్లలో కట్టుకొచ్చి నది నడుమ వదులుతున్నారు. భక్తి ఎంతటిదంటే, కవరు ముడి కూడా విప్పడం లేదు!

పోశన్న నేలమీది పలక లేపాడు. వాల్వు మూశాడు. నీళ్ళు వడకట్టే జాలి మూత విప్పి, లోపల చెయ్యి పెట్టాడు.

బంతిరేకుల ముద్ద వచ్చింది. దండ దారం వచ్చింది. కొబ్బరి పీచు వచ్చింది. చివర్న ఒక ప్లాస్టిక్ కవరు ముక్క వచ్చింది. దాని మీద సగం చిరిగిన పేరు. సేటు బట్టల దుకాణందే!

"వహినీ, కోపం రానియ్యకుండ్రి," పోశన్న వనమాల వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మీరు ముందల ఏసిన పూలు పడవ కిందికే వస్తున్నయి. ఏసీ ఆగిందని మీరు పూలేస్తుండ్రు. మీరు పూలేస్తుండ్రని ఏసీ ఆగుతున్నది."

"దేవుని పూలతోని ఏసీ ఖరాబైతదా? నీ నోట్లె మన్నువడ!"

సేటు భార్య మొహం చూశాడు. పోశన్న మొహం చూశాడు. వ్యాపారి కదా, క్షణంలో తీర్పు ఇచ్చాడు.

"పూజ బంద్ వెట్టుమని ఇంటామెకు నేనైతె చెప్పలేను. పోశన్నా, నువ్వు బస్సెక్కకు. దినాం గీ జాలి కాడనే కూసో. పావుగంటకొకసారి కడుగు. నీ నౌకరీ పక్కా!"

చప్పట్లు! చూశారా? ఒక ఏసీ ఆగితే ఒక మనిషికి బతుకంతా ఉద్యోగం! ఏ సర్కారు దగ్గరుంది ఇలాంటి పథకం?

పోశన్న నవ్వలేదు. చేతిలోని ముద్దను ఎక్కడ పెట్టాలా అని చూసి, కింద పెట్టబోయాడు.

"దేవుని పూలు కాళ్ల కింద పెడ్తవా!" అంటూ వనమాల ఆ ముద్దను రెండు చేతులా అందుకుంది. కళ్ళకద్దుకుంది. కవరు ముక్కతో సహా గోదావరిలో వదిలింది. మేమందరం దండం పెట్టాం. అవును, నేను కూడా.

పోశన్న జాలి మూత బిగించి వాల్వు తెరవగానే ఏసీ మళ్ళీ మొదలైంది. హాయిగా ఉంది.

అతను జాలి పక్కనే చతికిలబడి, నీళ్ళవైపు చూస్తూ తనలో తాను అనుకున్నాడు:

"మిషన్ హుషారున్నది. గొంతు పట్కుంటె ఆగుతది, అందరం ఉరుకొస్తం. పాపం, గీ గంగమ్మకు గొంతు పట్కున్నా ఆగుడు తెల్వదాయె."