ఆరడుగుల పోస్టుకార్డు

గాయపడిన సైనికుడెవరూ పోస్టుకార్డు లేకుండా కోలుకోరాదని సైనిక సంక్షేమ శాఖ మంత్రిగారు మంగళవారం ఉదయం పదకొండున్నరకు నిర్ణయించారు. అదీ మామూలు కార్డు కాదు, చేత్తో కుట్టిన గుడ్డ కార్డు. "కాగితం చిరుగుతుంది, గుడ్డ చిరగదు" అని ఆయన సెలవిచ్చారు. ముప్పై ఏళ్లుగా దర్జీ షాపులో కాజాలు కుట్టుకుని బతుకుతున్నవాణ్ణి. ఈ సంగతి నాకింతవరకూ తెలియనందుకు సిగ్గుపడ్డాను.

ఇంతటి ఆలోచన ఆయనకు ఎలా తట్టిందని పాఠకులు అడగవచ్చు. మా షాపు యజమానురాలి కార్డు చూసి తట్టింది. ఆమెను నేను వదినా అంటాను. ఆమె తమ్ముడు మోకాలికి తూటా తగిలి సైనిక ఆసుపత్రిలో పదిహేడో నంబరు మంచం మీద ఉన్నాడు. రెండు నెలలుగా ఎవరితోనూ మాట్లాడడు, సరిగ్గా తినడు. "ఇంటి నుంచి చేత్తో పట్టుకునేది ఏదైనా పంపండమ్మా" అని నర్సు ఫోన్ చేసింది. వదిన వాడి బడి చొక్కా వెతికి తీసి, అరచేయంత కత్తిరించి, లోపల బిరుసుగా నిలిచేందుకు బక్రం గుడ్డ పెట్టి, అంచంతా జిగ్‌జాగ్ కుట్టు కొట్టి, ఎర్రదారంతో నాలుగే మాటలు కుట్టింది: "చిన్నోడా, నీ సైకిల్ అమ్మలేదు."

పోస్టాఫీసువాళ్లు దాన్ని వింతగా చూసి సంక్షేమ శాఖ ఆఫీసరుగారికి చూపించారు. ఆయన మంత్రిగారికి చూపించారు. మంత్రిగారు చూడగానే, ఇది తనకు ఎప్పుడో తట్టిన ఆలోచనేనని గుర్తు తెచ్చుకున్నారు. కార్డు శాంపిలు అయి ఫైల్లోకి వెళ్లింది.

"పోనీ, ఇంకోటి కుట్టి పంపుకుంటాను సార్" అంది వదిన.

"కుదరదమ్మా. స్కీము నడుస్తుండగా ప్రైవేటు కార్డులు పోకూడదు. గందరగోళం అవుతుంది" అన్నారు ఆఫీసరుగారు.

"ఎవరికండీ?"

"సైనికులకి. ఏది ప్రేమో, ఏది ప్రభుత్వమో వాళ్లకి తెలియద్దూ?"

అయిదు వందల కార్డుల ఆర్డరు మా షాపుకే వచ్చింది. గుడ్డ కూడా వాళ్లదే. పోయిన ఎన్నికల్లో మిగిలిన బ్యానర్లు, ఒక్కోదాని మీదా మంత్రిగారి నిలువెత్తు బొమ్మ. శాంపిలు కొలతకు కత్తిరిస్తే మొదటి కార్డులో ఎడమ చెవి వచ్చింది. రెండోదాన్లో సగం మీసం. మూడోదాన్లో గడ్డం కింది గడ్డం.

మంత్రిగారు స్వయంగా షాపుకు వచ్చి చెవిని చేతిలోకి తీసుకున్నారు. "దీన్ని చూసి సైనికుడు ఏమనుకోవాలయ్యా?"

"తమరు వింటున్నారనుకుంటాడు సార్" అన్నారు ఆఫీసరుగారు.

"మీసం వచ్చినవాడు?"

ఆఫీసరుగారు మీసాన్ని చెవి పక్కన పెట్టి చూశారు, అతకలేదు. కాబట్టి ముఖం మొత్తం ఉంచాం. ఒట్టి తల పంపితే యుద్ధంలో ఉన్నవాళ్లు ఇంకోలా అనుకుంటారని భుజాలు చేర్చాం. భుజాలున్నాక చేతులు, చేతులున్నాక బూట్లు. సాయంత్రానికి పోస్టుకార్డు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు తేలింది.

"స్టాంపు ఎక్కడ అంటించమంటారు సార్?" అన్నారు ఆఫీసరుగారు.

"నుదుటి మీద."

"దాని మీద ముద్ర కొడతారు సార్. గట్టిగా కొడతారు."

"దేశం కోసం భరిస్తాను."

"మరి సందేశం?"

"నిలువెత్తు నేనుంటే ఇంక రాసేదేముందయ్యా?"

నాకు నవ్వొచ్చింది, దాన్ని దగ్గు కింద మార్చుకున్నాను. వదినకు నవ్వు రాలేదు. బ్యానరునే చూస్తూ నిలబడి, "సార్, బొమ్మలో మీ చొక్కాకి జేబు లేదు. గుండె మీద నిజం జేబు కుడితే నిండుగా ఉంటుంది. కొలతకి ఆ శాంపిలు ఒక్కసారి ఇప్పిస్తే..." అంది.

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "గుండె మీద జేబు! అయిదు వందలకీ కుట్టండి!" ఫైలు తెరుచుకుంది. చిన్నోడి కార్డు వదిన చేతికి వచ్చింది.

పదిహేడో నంబరు మంచం అడ్రసున్న బ్యానరు జేబులో చిన్నోడి కార్డు పెట్టి, గోటితో లాగితే ఊడేట్టు పచ్చికుట్టు వేసింది వదిన. అనుమానం రాకుండా మిగతా జేబుల మూతులన్నీ నేనూ అలాగే కుట్టాను. "తెలిస్తే షాపు మూయించేస్తారు వదినా" అన్నాను. "మూయించనీ. వాడు నోరు తెరిస్తే చాలు" అంది.

నెల తర్వాత ఆసుపత్రి నుంచి జవాబొచ్చింది. మంత్రిగారు సభ పెట్టించారు. దర్జీలమని మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆఫీసరుగారు మైకులో చదివారు.

"మంత్రిగారికి నమస్కారాలు. తమరు పంపిన అయిదు వందల దుప్పట్లు అందాయి. వీటి కోసం తమ శాఖకు ఏడాదిగా రాస్తున్నాం."

చప్పట్లు మోగాయి.

"పదిహేడో నంబరు మంచం అబ్బాయికి దుప్పటి జేబులో ఏదో దొరికింది. గంటసేపు ఏడ్చి, ఇన్నాళ్లకి నోరు విప్పాడు. చైనుకి నూనె వేస్తున్నారా అని అడగమన్నాడు."

"వేస్తున్నానురా" అంది వదిన పైకే, వాడికి వినబడుతుందన్నట్టు. నా కళ్లు కూడా నిండాయి, దాచుకోను.

ఆఫీసరుగారు పేజీ తిప్పారు. "అది చూసి మిగతా నాలుగు వందల తొంభై తొమ్మిది మందీ తమ తమ మంత్రిగారి జేబులు విప్పి చూసుకున్నారు. ఒక్కదాన్లోనూ ఏమీ లేదు. ప్యాకింగులో ఎక్కడైనా పడిపోయి ఉంటే దయచేసి వెతికి పంపగలరు."

చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక సభ మంత్రిగారి వైపు చూసింది. ఆయన కళ్లు మూసుకుని దీర్ఘంగా ఆలోచించారు. కెమెరాలు సర్దుకునేదాకా ఆగి, ఆఫీసరుగారి వైపు తిరిగారు.

"జేబులు చిన్నవైపోయాయన్నమాట. ఈసారి పెద్దవి కుట్టించండి."